‘ఆరేళ్లు వేస్ట్ చేశాను’ అనేవాళ్ల చేత ఏం చేయించాలి?

రీడింగ్‌రూమ్_అశోక్‌నగర్ (ప్రశ్న)

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రీడింగ్ రూమ్ చూసుకుంటున్నాను. 80 సీట్లు. గ్రూప్స్, ఎస్సై, యూపీఎస్సీ అందరూ కలిసే చదువుతారు. నా ప్రశ్న చదివేవాళ్ల గురించి కాదు, మానేసినవాళ్ల గురించి. 28 నుంచి 33 ఏళ్ల మధ్యవాళ్లు. లాకర్ ఖాళీ చేసి డిపాజిట్ తీసుకోవడానికి వస్తారు, వచ్చి గంటసేపు కదలరు. మాటలు రెండే. ఒకటి వెనక్కి: “ఆరేళ్లు వేస్ట్ చేశాను.” రెండోది ముందుకు: “ఇంక నా వల్ల ఏదైనా అవుతుందా?”

“ధైర్యంగా ఉండు, ఇంకా వయసుంది” అంటే తలూపి వెళ్లిపోతారు. వారం తర్వాత మళ్లీ అదే మాట. ఉపన్యాసాలు, వీడియోలు వద్దు. మూడు నాలుగు వారాల్లో ఒక నోటుబుక్కుతో చేయించగలిగిన పని ఉంటే వరసగా చెప్పండి. ఎక్కడ బెడిసికొడుతుందో కూడా చెప్పండి. ‘తనను తాను అంగీకరించడం’ మీద చాలా చదివాను గానీ, అది చేతులెత్తేయడానికి పెట్టుకున్న మర్యాదైన పేరేమో అన్న అనుమానం వాళ్లతోపాటు నాకూ ఉంది. ఇంకొకటి: ఇది మన చేతిలో పని కాదు, డాక్టర్ దగ్గరికి పంపాలి అని ఎప్పుడు తెలుస్తుంది?

కాగితం_లెక్క

ముందు ఆ అనుమానం సంగతి. తెలుగులో ‘ఒప్పుకో’ అనగానే తప్పు ఒప్పుకోవడమే గుర్తొస్తుంది. అందుకే ‘నిన్ను నువ్వు ఒప్పుకో’ అంటే నేరం అంగీకరించమన్నట్టు వినపడుతుంది. ‘సర్దుకుపో’ అంటే ఇంకో చిక్కు, అది ఓడిపోయినవాడికి పక్కింటివాళ్లు చెప్పే మాట. ఇక్కడ కావలసింది ఈ రెండూ కాదు. జరిగినదాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి, ఆ రాసుకున్నదాన్ని చూసి మనిషికి మార్కులు వేయకూడదు. అంతే. అమెరికన్ సైకాలజిస్టు ఆల్బర్ట్ ఎల్లిస్ 1955లో మొదలుపెట్టిన చికిత్సా పద్ధతిలో గట్టిగా పట్టుబట్టింది దీని మీదే: చేసిన పనికి విలువ కట్టవచ్చు, చేసిన మనిషికి కట్టకూడదు. పేపరుకు మార్కులుంటాయి. పేపరు రాసినవాడికి ఉండవు.

ఇక పని. “ఆరేళ్లు వేస్ట్” అన్నది లెక్క వేయకుండా చెప్పిన మొత్తం. లెక్క అడగండి. ఆరేళ్లు అనేది ఎవరూ ఒక రోజు కూర్చుని తీసుకున్న నిర్ణయం కాదు. అందులో ‘2019లో ఉద్యోగం మానేయడం’, ‘ఆప్షనల్ మార్చడం’, ‘మూడోసారి పోయాక నాలుగోసారి కూర్చోవడం’ లాంటి నిర్ణయాలు ఉంటాయి. చాలామందికి నాలుగు నుంచి ఏడు తేలతాయి. ఒక్కో నిర్ణయానికి ఒక్కో పేజీ, రోజుకు ఒక్క పేజీయే, ఫోన్‌లో 20 నిమిషాల అలారం పెట్టి. అలారం మోగితే వాక్యం సగంలో ఉన్నా ఆపేయాలి.

పేజీని నాలుగు గళ్లు చేయించండి. మొదటి గడిలో నిర్ణయం, నెల, సంవత్సరం. రెండో గడిలో ఆ రోజుకు తనకు తెలిసిన విషయాలు. మూడో గడిలో ఆ రోజు నిజంగా తెరిచి ఉన్న వేరే దారులు. నాలుగో గడిలో ఆ తర్వాత తెలిసినవి. నియమం ఒక్కటే: నాలుగో గడిలోది రెండో గడిలోకి కారకూడదు. అందరూ జారేది సరిగ్గా అక్కడే. ఫలితం తెలిశాక ‘ఇలా అవుతుందని ముందే తెలుసు’ అనిపించడం మనసుకు సహజమని, ఆ మార్పు జరిగినట్టు కూడా మనకు తెలియదని బరూచ్ ఫిష్‌హాఫ్ 1975లో ప్రయోగాలతో చూపించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటాం. ఇది దానికన్నా విచిత్రం, చేతులు కాలాక ‘అది నిప్పని నాకు ముందే తెలుసు’ అనుకోవడం.

అందుకే రెండో గడిలో జ్ఞాపకం చెల్లదు, ఆధారమే చెల్లుతుంది. అప్పటి వాట్సాప్ మెసేజీలు, మాక్ టెస్టు షీట్లు, ఆనాటి నోటిఫికేషన్ పీడీఎఫ్, హాస్టల్ రసీదులు. ‘2021లోనే మానేయాల్సింది’ అనేవాడి చేత 2021 మార్చి మాక్ స్కోరు తీయిస్తే, కటాఫ్‌కు ఐదారు మార్కుల దూరంలో ఉన్నాడని తేలవచ్చు. ఆ దూరంలో ఉన్నవాడెవడూ మానేయడు.

తర్వాత ‘ఉంటే’ వాక్యం. “ఉద్యోగం వదలకుండా ఉంటే ఈపాటికి సెటిలయ్యేవాణ్ని.” ‘ఉంటే’కి ముందున్న సగాన్ని వందసార్లు తవ్వుతారు. వెనకున్న సగాన్ని ఎవరూ పరీక్షించరు. ఆ రెండో సగానికి మూడు ముగింపులు రాయించండి, ఒకటి బాగా జరిగినట్టు, ఒకటి మామూలుగా, ఒకటి చెడుగా. ఓదార్పు కోసం కాదు. తను పోల్చుకుంటున్నది తనే అల్లుకున్న ఒక జీవితంతో అని కాగితం మీద కనపడాలి.

నాలుగైదు పేజీలయ్యాక బాధ్యత చక్రం. పెద్ద వృత్తం గీసి, ఫలితం రాకపోవడానికి కారణాలన్నీ పక్కన రాయాలి, ఆరుకు తగ్గకుండా. ప్రతిదానికీ శాతం. ఇక్కడ వరసే ప్రాణం: మిగతా కారణాలన్నిటికీ ముందు పంచి, తన వాటా చివరన వేసుకోవాలి. ముందే తనకు వేసుకుంటే 80 రాసేసి మిగతావాటికి ముష్టి వేస్తారు.

తెలంగాణ గ్రూప్-1 రాసినవాళ్ల చక్రంలో ఒక ముక్క తేదీలతో సహా ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 16న ప్రిలిమ్స్. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దు. జూన్ 11న మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. ఈ దాదాపు రెండేళ్లను ‘నేను వేస్ట్ చేశాను’ పద్దులో రాసుకునేవాళ్లు బోలెడు. క్రియ సరే, కర్త తప్పు. పోటీకి ఇంకో ముక్క: 2022లో దరఖాస్తులు సుమారు 3 లక్షల 80 వేలు. అంటే ఒక్కో పోస్టుకు 750 మందికి పైనే.

తన వాటా సున్నా అని తేలితే మాత్రం చక్రం మళ్లీ గీయించండి. సున్నా అంటే తప్పించుకోవడం, ఆ సున్నా రాత్రి రెండింటికి మళ్లీ లేచి కూర్చుంటుంది. 25 వచ్చినా 40 వచ్చినా ఆ ముక్కను విడదీసి పనుల రూపంలో రాయించాలి: ‘మెయిన్స్ జవాబులు టైమ్ పెట్టి రాయలేదు’, ‘రెండేళ్లు ఒకే మెటీరియల్ పట్టుకున్నాను’. రేపు ఇంకో రంగంలోకి వెళ్లినా మార్చుకోగలిగింది ఆ ముక్క ఒక్కటే.

మాట_తీరు

పైన చెప్పినవన్నీ సరే, వాటికి ముందు భాష చూడండి. “ఫెయిలయ్యాను” అనడానికీ “నేను ఫెయిల్యూర్‌గాణ్ని” అనడానికీ మధ్య దూరం చాలా ఉంది. మన భాషలో ఒక సౌకర్యం, అదే ప్రమాదం: దేనికైనా ‘వాణ్ని’, ‘దాన్ని’ తగిలిస్తే అది మనిషికి అతుక్కుపోతుంది. చేతకానివాణ్ని, పనికిరానిదాన్ని, దండగమారివాణ్ని. వారం రోజులు ఒక్క పని చేయించండి. ‘వాణ్ని/దాన్ని’తో ముగిసిన ప్రతి వాక్యాన్నీ క్రియతో ముగిసేలా తిరగరాయాలి. “పనికిరానివాణ్ని” అన్నది “ఆ ఇంటర్వ్యూలో నా జవాబులు పనికిరాలేదు” అవుతుంది. అబద్ధం ఒక్క ముక్క కలపక్కర్లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఏది అన్న మూడూ వాక్యంలోకి వస్తే చాలు.

రెండోది, ఎవరి గొంతు? తనను తాను తిట్టుకునేటప్పుడు చాలామంది ‘నేను’ అనరు, ‘నువ్వు’ అంటారు. “నీ వల్ల ఏదీ కాదురా.” ఆ వాక్యం నాన్నదా, మేనమామదా, టెన్త్‌లో మాస్టారిదా అని అడిగితే నిమిషంలో చెప్పేస్తారు. ఎవరిదో తెలిశాక దాన్ని కాదనక్కర్లేదు, వాదించక్కర్లేదు. ‘మామయ్య మాట మళ్లీ వచ్చింది’ అని పేరు పెట్టి పక్కన రాయడమే. ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనాల్లో, ఒత్తిడి వేళ ‘నేను’ అనకుండా తమ పేరుతో తమను పిలుచుకున్నవాళ్లు కొంచెం దూరం నుంచి చూసుకోగలిగారని తేలింది. తెలుగులో అది ఇంకా బాగా కుదురుతుంది, మనకు ‘గారు’ ఉంది కదా. తన పేరు చివర ‘గారు’ పెట్టుకుని మాట్లాడమంటే మొదట నవ్వుతారు. నవ్వనివ్వండి. ‘గారు’ చేరాక వాక్యం చివర ‘రా’ రావడం కష్టం.

ఇక ఉత్తరం. నోటుబుక్కులో పక్క సీటువాడికి ఉత్తరం, 15 నిమిషాలు. అదే వయసు, అవే ప్రయత్నాలు, అదే ఫలితం. వాడికి ఏం రాస్తారో రాయమనండి. మర్నాడు పైన పేరు కొట్టేసి తన పేరు రాసుకుని, పైకి చదవాలి. పైకే, మనసులో కాదు. సైకాలజిస్టు క్రిస్టిన్ నెఫ్ 2003లో తన పట్ల తనకుండే కరుణను మూడు పాళ్లుగా విడదీసింది: కఠినంగా కాక దయగా మాట్లాడుకోవడం, ఇది నా ఒక్కడికే కాదు మనుషులందరికీ వచ్చేదే అని గుర్తుండటం, బాధను దాచకుండా, పెంచకుండా చూడటం. ఉత్తరంలో ఈ మూడూ ఉన్నాయో లేదో చూడండి. సాధారణంగా మధ్యది తప్పిపోతుంది. అది లేకపోతే ఉత్తరం జాలి అవుతుంది, జాలి పుచ్చుకోవడం ఎవరికీ ఇష్టముండదు.

ఇక్కడ బెడిసికొట్టేవి రెండు. మొదటిది, అద్దం ముందు నిలబడి “నేను గొప్పవాణ్ని, నేను సాధిస్తాను” అని రోజుకు 50 సార్లు అనిపించడం. జోవాన్ వుడ్ బృందం 2009లో చేసిన ప్రయోగంలో, తమ మీద తమకు నమ్మకం తక్కువున్నవాళ్లు ఇలాంటి వాక్యం జపించాక ఇంకా దిగజారారు. లోపలున్నవాడు ప్రతిసారీ ‘అబద్ధం’ అంటాడు మరి. మీ గోడల మీద అలాంటి పోస్టర్లు ఉంటే తీసేయండి, నా మాట వినండి. రెండోది, ఉత్తరం పైకి చదివేటప్పుడు కొందరు భోరుమంటారు. దయ వికటించిందని కంగారుపడి ఆపేయకండి. ఏళ్లుగా ఆపుకున్నది బయటికొస్తోంది. కాళ్లు నేలకు ఆనించి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలమనండి, పది సార్లు. మంచినీళ్లు ఇవ్వండి. మర్నాడు ఉత్తరం బదులు నాలుగు వాక్యాలే చదివించండి. ప్రతిసారీ ఉప్పెనలా వస్తుంటే అక్కడితో ఆపి, కౌన్సెలర్ ఎదురుగా చేయించాలి.

రీడింగ్‌రూమ్_అశోక్‌నగర్

చక్రం గురించి ఒక సందేహం. చివరన వేసుకోమన్నా కొందరు 90 శాతం తమదే అంటారు, మిగతావన్నీ ‘సాకులు’ అంటారు. అప్పుడు? ఇంకా, పగలంతా బాగానే ఉండి రాత్రి ఒంటిగంట నుంచి మూడు దాకా తవ్వుకునేవాళ్లకు ఏం చెప్పాలి? అప్పుడు నోటుబుక్ తీయమనవచ్చా?

కాగితం_లెక్క

90 వస్తే వాదించకండి. పక్కనే రెండో వృత్తం గీయించి, అవే కారణాలు పక్క సీటువాడికి వేయమనండి. వాడికి 35 వేసి తనకు 90 వేసుకుంటే, తేడా 55. ఆ 55 పరీక్షకు సంబంధించింది కాదు, తనను తను కొట్టుకుంటున్న దెబ్బల లెక్క. ఆ అంకెను పేజీ కింద రాసి ఊరుకోండి, వివరించకండి. ‘సాకు’కూ ‘కారణం’కూ తేడా అడిగితే ఇది చెప్పండి: సాకు చెప్పాక మనిషి తన వాటా చూడడం మానేస్తాడు, కారణం చెప్పాక కూడా తన వాటా కాగితం మీద ఉంటుంది.

రాత్రి నోటుబుక్ వద్దే వద్దు. నిద్ర చాలనప్పుడు ప్రతి నిర్ణయమూ తప్పులాగే కనపడుతుంది.

క్రాస్‌రోడ్స్_చాయ్

రాత్రి సంగతి నేను చెప్తా అన్నా. ఎన్కకు మర్లి చూసుకునే ఈ నెమరువేత ఉందిగా, దాన్ని బంద్ చేయమంటే కాదు, ఇంకింత ఎక్కువైతది. దానికి టైమివ్వాలె. 1983ల థామస్ బోర్కోవెక్ అనే సైకాలజిస్టు ఇంకా కొందరు పెట్టిన పద్ధతి ఇదే. దినాం అదే టైముకు, అదే జాగల, అర్ధగంట కూసొని చింత చెయ్యాలె, మిగిలిన టైముల గుర్తొస్తే ఒక చిట్టీ మీద రెండు మాటలు రాసుకొని ‘సాయంత్రం చూద్దాం’ అని పక్కకు పెట్టాలె.

సాయంత్రం ఆరున్నరకు పెట్టుకుంటే మంచిది. రాత్రి తొమ్మిది దాటితే వద్దు, నిద్రలకు తోడొస్తది. జాగ గూడ చదువుకునే కుర్చీ, పండుకునే మంచం రెండూ కావద్దు. ఇందిరా పార్కుల ఒక బెంచీ చూసుకోమను. అర్ధగంట చిట్టీలు తీసి ఒక్కొక్కటి చదవాలె. ఇందుల నేను చేసే పని ఏమన్న ఉన్నదా? ఉంటే ఏ దినం చేస్త? లేకుంటే చిట్టీ చింపెయ్యాలె. టైమైతే లేచి నడవాలె. మొదటి నాలుగైదు దినాలు అస్సలు కుదరది, ‘ఇదేం పిచ్చి’ అనిపిస్తది. రెండు వారాలకు గని లైన్ల పడదు. ఇంకో సంగతి, చాలామంది చిట్టీలు రాస్తరు గని సాయంత్రం పోరు. పోకుంటే మనసు నీ మాట నమ్మది, రాత్రి వసూలు చేస్తది.

మంచం మీద ఇరవై నిమిషాలైనా నిద్ర రాకుంటే లేచి వేరే కుర్చీల కూసోవాలె, సన్నటి లైటు, ఫోన్ లేకుండ. కండ్లు మూతలు పడ్డప్పుడే మళ్లా మంచం. గడియారం గోడ మీద కనపడకుండ తిప్పాలె. పొద్దుగాల లేచే టైము మాత్రం మారద్దు, రాత్రి ఎంత సేపు మేలుకున్నా సరే. ఇగ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ కాడ రాత్రి పదకొండుకు ఇరానీ చాయ్, దాని మీద ఇంకో చాయ్. కెఫీన్ సగం దిగనీకే దగ్గర దగ్గర ఐదు గంటలు పడ్తది. సాయంత్రం నాలుగు తర్వాత చాయ్ బంద్ పెడితే సగం మందికి ఈ ఒంటిగంట లొల్లి తగ్గుతది. తత్వం తర్వాత, ముందుగాల చాయ్ సంగతి చూడు.

వాట్సాప్ గ్రూపులు కూడ. బ్యాచ్‌మేట్ల జాయినింగ్ ఫొటోలు వస్తయి. గ్రూపుల నుంచి ఎల్లిపోతే నలుగురు అడుగుతరు, అదొక బాధ. ఆర్కైవ్‌ల పడేసి నోటిఫికేషన్ తీసెయ్యి, ఆదివారం ఒక్కసారి చూడు. చాలు.

చేసి_చూడు

ఒక అభ్యంతరం. ఈ జవాబులన్నీ కలిపితే మనిషి నాలుగు వారాలు తన గురించే రాసుకుంటూ కూర్చుంటాడు. రాయడానికే అలవాటుపడ్డవాళ్లు వీళ్లు, ఆరేళ్లూ చేసింది అదే. గతం లెక్క తేలినా ‘నా వల్ల అవుతుందా’ అన్న రెండో ప్రశ్న అలాగే ఉంటుంది. అది ఆలోచనతో తీరదు. సైకాలజిస్టు ఆల్బర్ట్ బండూరా 1977లోనే చెప్పాడు, తన వల్ల అవుతుందన్న నమ్మకానికి అన్నిటికన్నా గట్టి ఆధారం స్వయంగా చేసి పూర్తిచేసిన పని అని. ఎదుటివాడి భరోసా దానికన్నా బలహీనం. అందుకే మీ ‘ధైర్యంగా ఉండు’ వారంలో కరిగిపోతోంది. గతం పని రెండు వారాలకు మించనివ్వకండి. మూడో వారం నుంచి చేతలే.

అనుమానాన్ని జోస్యంగా మార్చండి. “నన్నెవరూ తీసుకోరు” అంటే పరీక్షించలేం. “ఈ వారం ఐదు చోట్ల రెజ్యూమె పంపితే ఒక్క ఫోనూ రాదు, ఈ నమ్మకం 90 శాతం” అంటే పరీక్షించవచ్చు. ఎడమవైపు జోస్యం, శాతం, తేదీ. పని చేశాక కుడివైపు జరిగింది. వారానికి మూడు. మొదటివి చిన్నవి: పాత సహోద్యోగికి ఒక ఫోను, చిక్కడపల్లి లైబ్రరీలో ప్రిపరేషన్ పుస్తకం కానిది ఒక గంట చదవడం, ఎక్సెల్‌లో ఒక పాఠం పూర్తిచేయడం. ‘ఇది చేయగలను’ అన్న నమ్మకం 70 శాతం ఉన్న పనితో మొదలుపెట్టించాలి. నేరుగా ఇంటర్వ్యూకు తోలితే ఒక్క దెబ్బకు నోటుబుక్ మూసేస్తారు. జోస్యం నిజమైన సందర్భాలూ వస్తాయి, వాటినీ రాయాలి. పది జోస్యాల్లో నాలుగు నిజమై ఆరు తప్పితే, ఆ మనిషి అనుమానం నమ్మదగిన జ్యోతిష్కుడు కాదని తేలినట్టే.

రెజ్యూమెలో గ్యాప్ దాచమని చెప్పేవాళ్ల మాట విననివ్వకండి. ‘2019–2024: పోటీ పరీక్షల ప్రిపరేషన్, హైదరాబాద్’ అని ఒక్క లైను. మెయిన్స్ రాసి ఉంటే అదీ అక్కడే. ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడిగితే జవాబు 45 సెకన్లకు మించకూడదు, మూడు వాక్యాలు: ఏం ప్రయత్నించాను, ఎప్పుడు ఆపాను, దానివల్ల వచ్చిన ఏ పని మీకు పనికొస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసి వినమనండి. నిమిషం దాటిందంటే క్షమాపణ దొర్లిందని అర్థం. చుట్టాల పెళ్లిలో “ఏం చేస్తున్నావు బాబూ?” అన్నప్పుడు కూడా ఇదే కొలత. “గ్రూప్స్ ఆపేశాను పెద్దమ్మా, ఉద్యోగం చూసుకుంటున్నాను. అన్నయ్య ఎలా ఉన్నాడు?” ఇంతే. వివరణ మొదలుపెడితే విచారణ మొదలవుతుంది.

చేయని పనుల మీద చింత వేరే రకం. చేసినవాటి మీద బాధ మొదట్లో ఎక్కువున్నా తగ్గుతుంది, చేయనివాటి మీది బాధ ఏళ్లు గడిచేకొద్దీ నిలబడిపోతుంది. గిలోవిచ్, మెడ్వెక్ 1990ల్లో చేసిన పరిశోధనల సారం ఇది. వాటి జాబితా రాయించి రెండుగా విడదీయండి, తలుపు మూసుకున్నవి, ఇంకా తెరిచి ఉన్నవి. యూపీఎస్సీ సివిల్స్‌కు జనరల్ కేటగిరీలో 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు. అది దాటితే మూసుకున్నట్టే, దానికి ఏడవాలి, తలుపు కొట్టకూడదు. గతజలసేతుబంధనం అని ఊరికే అనలేదు. అదే 2024 గ్రూప్-1 నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46. కాబట్టి 31 ఏళ్లవాడు “వయసైపోయింది” అంటే నిజం కాదు. వెళ్లాలా వద్దా అన్నది వేరే ప్రశ్న, దానికి తేదీ పెట్టి తేల్చాలి. సగం తెరిచిన తలుపు దగ్గర నిలబడ్డవాడు ఉద్యోగంలో చేరినా మనసు పెట్టడు.

మాట_తీరు

@చేసి_చూడు అన్నదాంతో మూడొంతులు ఏకీభవిస్తాను. ఒక్కటి చేర్చాలి. పని దొరికాక కూడా ఈ అనుమానం వేషం మార్చుకుని వస్తుంది. “పొరపాటున తీసుకున్నారు, రేపు పట్టేస్తారు.” దీన్ని 1978లోనే పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ వర్ణించారు. అప్పుడు వాళ్లు చేసే పని, దొరక్కుండా ఉండటానికి రెట్టింపు పనిచేయడం. బాగా జరిగితే ‘రెట్టింపు చేశాను కాబట్టి’ అంటారు, కాబట్టి నమ్మకం పెరగదు. చేరిన మొదటి మూడు నెలలు ఒక పేజీ వేరే ఉంచమనండి: ఎవరైనా మెచ్చుకున్న మాట, తేదీతో, అక్షరం మార్చకుండా. పక్కన ‘కానీ’ రాయకూడదు.

ఓపీ_చీటీ

డాక్టర్ ప్రశ్నకు ఎవరూ రాలేదు, నేను రాస్తాను. పశ్చాత్తాపం జబ్బు కాదు. కానీ రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులు గానీ దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ ఉండి, దాంతోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత పాడైతే అది నోటుబుక్కుతో తేలే విషయం కాదు. కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది, ఆపైన వస్తే డాక్టర్‌కు చూపించాలి. అది వడపోతే గానీ రోగనిర్ధారణ కాదు. థైరాయిడ్ లోపం, బి12 తక్కువ కావడం కూడా ఇలాగే కనపడతాయి, హాస్టల్ తిండితో ఏళ్లు నెట్టుకొచ్చినవాళ్లలో ఆ రక్తపరీక్షలు చేయించడం తప్పు కాదు.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనే ఆలోచనల గురించి. మొత్తం ఎంతైనా సరే, ఆ ఒక్కదానికి సున్నా కాకపోతే అదే రోజు మాట్లాడాలి. “చనిపోవాలని అనిపిస్తోందా?” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు, అలా జరగదు. ఎలా, ఎప్పుడు అనే ఏర్పాటు కూడా మనసులో ఉంటే మనిషిని ఒంటరిగా వదలకండి, గదిలో ప్రమాదకరమైనవి తీసేయండి, ఇంట్లోవాళ్లను పిలవండి, అవసరమైతే 108కి చేయండి.

ఫోన్‌లో మాట్లాడటానికి టెలీ మానస్, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు రీడింగ్ రూమ్‌లో వాటర్ కూలర్ దగ్గర అంటించండి. నోటీసు బోర్డు మీద వద్దు, అక్కడ నిలబడి రాసుకోవడానికి సిగ్గుపడతారు. నేరుగా వెళ్లాలంటే గాంధీ ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషనే. ఉదయం ఓపీకి వెళ్లాలి. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ కూడా ప్రభుత్వానిదే, కానీ మన ఊళ్లో ఆ పేరు తిట్టుగా వాడీవాడీ అక్కడికి రమ్మంటే మనిషి బిగుసుకుపోతాడు. మొదటిసారికి గాంధీ అనండి, వస్తారు. తోడు వెళ్లండి. మందులు రాస్తే పని మొదలుపెట్టడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వారానికే ‘లాభం లేదు’ అని ఆపేసేవాళ్లే ఎక్కువ. ఆపాలన్నా డాక్టర్‌కు చెప్పి తగ్గించుకుంటూ ఆపాలి.

రీడింగ్‌రూమ్_అశోక్‌నగర్

అందరికీ ధన్యవాదాలు. వచ్చే ఆదివారం పదిన్నరకు ఆరుగురితో మొదలుపెడదామనుకుంటున్నాను. మొదటి రెండు వారాలు నాలుగు గళ్ల పేజీ, చక్రం, ఉత్తరం. తర్వాత రెండు వారాలు జోస్యాలు. చాయ్ సంగతి మాత్రం రేపటి నుంచే. పోస్టర్లు ఈరోజే తీసేశాను. ఒకరి పేజీ ఒకరు చదవాలా, వద్దా?

కాగితం_లెక్క

వద్దు. చదివితే పోటీ మొదలవుతుంది, ఎవరి బాధ పెద్దదని. మీరూ చదవకండి. చక్రంలో చివరి అంకె ఒక్కటి చెబితే చాలు, అదీ ఇష్టమైతేనే. పెన్నులు నీలం రంగువి పెట్టండి. ఎర్రవి ఉంటే దిద్దుకోవడం మొదలుపెడతారు.

క్రాస్‌రోడ్స్_చాయ్

పదిన్నరకంటే చాయ్ ఒకటి తాగొచ్చు అన్నా. ఆరుగురికి నేను పంపిస్త.